బోర్డు మీద ఏం రాయమంటారు

రాయగడ స్టేషను రోడ్డులో పంతొమ్మిదేళ్లు
ఊళ్లో అందరి పేర్లకీ నేనే రంగులద్దాను.
పై వరసలో ఒడియా అక్షరాల గొడుగులు,
కింద మన తలకట్లు.
అప్పడాల కంపెనీకి ఆకలి రాశాను.
నగల చీటీల షాపుకి ‘నమ్మకం’ అని రాశాను.
మూడేళ్లకి షట్టరు పడింది,
లోపల మా పిన్ని పుస్తెలతాడు.
టర్పెంటైనుతో కడిగినా
ఆ పదం వేళ్లనించి పోలేదు.

ఇప్పుడు అదే గదిలో రెండు కుర్చీలు.
మొదట వచ్చింది పేపరుమిల్లులో తూకాలు రాసే సుభద్రా పాత్రో.
సగం తెలుగు, సగం ఒడియా,
మధ్యలో ఏడుపు.
ఆవిడ రెండో మాటలో ఉండగానే
నా బుర్ర నినాదం కట్టేసింది:
నాలుగు పదాలు, చివర ప్రాస.
నోటిదాకా వచ్చింది.
మింగాను.
నాగావళి వంతెన మీద గూడ్సుబండి
పెట్టె పెట్టెగా దాటేదాకా
ఇద్దరం ఊరుకున్నాం. టీ తొరక కట్టింది.

లేస్తూ అంది:
“ఏటీ చెప్పలేదేటి బాబూ నువ్వు?
సర్లే, లక్ష్మివారం మళ్లీ వస్తాను.”

ఫీజు అడగడం మరిచాను.

బయట నిచ్చెన మీద దండాసి
కుంచె ముంచి అరుస్తున్నాడు,
కొత్త బోర్డు మీద ఏం రాయమంటారని.

తెల్లరంగు వేశావు కదరా,
ముందు ఆరనీ.