తలుపు లేని చలి

ఏసుపాదం, టార్పాలిన్ తాడు ఇంకో చుట్టు బిగించు.
చలి సంగతి నాకు చెబుతావా కాలేషా బాబాయ్, అంటున్నావు.
నిజమే.
మూడేళ్ళు ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మిర్చి టిక్కీలు మోసినోడివి.
బయట మే నెల ఎండకి తారు కారుతుంటే
లోపల గోనెపట్టా నెత్తిన కప్పుకుని
నోట్లోంచి ఆవిరి వదిలినోడివి.
గుంటూరులో చలికాలమంటే అదొక్కటే,
కరెంటు బిల్లు కట్టి తెచ్చుకునేది.
కానీ దానికి తలుపుంది.
కాటా అయ్యాక తోసుకుని బయటికొస్తే
గడప అవతల ఎండ నిలబడి ఉంటది.
మనం పోయేదానికి తలుపు లేదు.

ఇవాళ రాత్రి నీకేం తెలవదు.
పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల సెగ,
మిర్యాలగూడలో ఉడికిన వడ్ల వాసన,
అద్దం దించుకుని పాటలు పెట్టమంటావు.
పెడతా.
హైదరాబాదు బయటి రోడ్డు మీద, తెల్లారుజామున,
ముక్కు కొసన ఎవరో గిల్లినట్టుంటది.
చెప్పి రావడం చలికి అదే ఆఖరు.
నిర్మల్ ఘాటు ఎక్కేటప్పుడు
అద్దం నువ్వే ఎత్తుతావు, నేను చెప్పక్కర్లేదు.
ఆదిలాబాదులో పత్తి బండ్లోళ్ళు నెగడు చుట్టూ కూర్చుంటారు.
దిగి నిలబడితే జరిగి చోటిస్తారు.
ఏ ఊరని తర్వాత అడుగుతారు,
ముందు చేతులు చాపమంటారు.

పెన్‌గంగ దాటాక మన మాట ఆగిపోద్ది.

నాగపూరు మధ్యాహ్నం మోసం చేస్తది.
ఎండ కాస్తది, రోడ్డు పక్కన కమలాలు రాశులు పోసి ఉంటాయి,
స్వెట్టరు తీసి సీటు కింద పడేస్తావు.
తీయి. ఎక్కడ పడేశావో గుర్తుపెట్టుకో.
సివనీ అడవిలో నాలుగింటికే నీడ రోడ్డెక్కుద్ది.
చెట్ల కింద ఒక చలి, వంతెన మీద ఇంకో చలి.

శంకర్‌విలాస్ సెంటర్లో ఆ స్వెట్టరమ్మిన నేపాలీ ఆమె
ఢిల్లీకా అని అడిగి నవ్వింది చూశావా,
అది బేరం నవ్వు కాదు.
బనీనుకీ చొక్కాకీ మధ్య పాత పేపరు పెట్టుకో,
ఉన్ని కన్నా వార్తలు వెచ్చన.
టిక్కీ గోతం మాత్రం కప్పుకోబాకు.
నా మొదటి ట్రిప్పులో, బుడేసాబు బండి మీద,
ఖాళీది ఒకటి చుట్టుకుని పడుకున్నా.
లలిత్‌పూర్ నుంచి ఝాన్సీ దాకా
ఒళ్ళంతా తేజ రకం మంట.
పైన వణుకు, లోపల మంట, దేనికి ఏడవాలో తెలవలా.
బుడేసాబు ఢాబా తలుపు కొట్టి
పెరుగు తెచ్చి నా వీపున పూశాడు,
జనవరి అర్ధరాత్రి, గడ్డ పెరుగు.
నవ్వుతున్నావా? నవ్వు.
ఝాన్సీ దాటాక కుదరదు.

అక్కడ పొగమంచు.
మన కొమ్మమూరు కాలవ మీది మంచు
ఏడింటికల్లా లేచిపోయే చుట్టం.
ఇది అట్టాంటిది కాదు.
బానెట్టు కనపడదు.
ముందు బండి ఉందో లేదో దాని డీజిలు వాసన చెప్పాల.
నువ్వు తల బయటపెట్టి, తెల్లగీత చూస్తా,
ఉంది, ఉంది, ఉంది, అంటా ఉండాల.
అంతే నీ పని.
కళ్ళు నీళ్ళు కారినా, చెవులు ఊడినా అంతే.
గీత ఉంటే ఉందను.
లేకపోతే లేదను, ఆపుతా, నాకేం నామోషీ లేదు.
ఉందేమో అనబాకు.
నా తర్వాత బుడేసాబు దగ్గర చేరిన కుర్రాడు,
చంబల్ వంతెన ముందు, నిద్రమత్తులో,
ఒక్కసారి ఉందేమో అన్నాడు.
ఆ తర్వాత బుడేసాబు బండెక్కలేదు.

తాడు బిగిసిందా?
ఫ్లాస్కులో టీ పోయించుకురా, పంచదార ఎక్కువెయ్యమను.

తిరిగొచ్చేసరికి చుట్టుగుంట టీకొట్టు దగ్గర
మనోళ్ళు మంకీ క్యాపులు పెట్టుకుని
ఈ యేడు ఏం చలిరా నాయనా అంటుంటారు.
నువ్వు చొక్కా గుండీలు విప్పుకుని నిలబడతావు.
వాళ్ళతో వాదించబాకు.
ఎవరి చలి వాళ్ళది.

ఎక్కు.
అద్దం ఎత్తబాకు ఇప్పుడే,
పిడుగురాళ్ళ దాకా గాలి తాగు.