యతి తప్పిన చోట

డండీలో, టే నది మీది పొగమంచు
రైలు వంతెనను సగం మింగేసిన ఉదయం.
మూడో అంతస్తులో, కిటికీ సరిగా పడని గదిలో
ఆగ్నెస్ పెట్రీ ఛాతీకి పట్టీ కడుతున్నాను.
"మంచుముక్కలా ఉందే పిల్లా" అంటుంది.

డెబ్భై రెండేళ్ల మనిషి.
పదిహేనో ఏట జనపనార మిల్లులో చేరి
చెవులు ఆ మగ్గాల హోరులోనే వదిలేసి వచ్చింది.
పెదాలు చూసి మాట పట్టుకుంటుంది.
ఆమె ముందు గొణగడం కుదరదు.

అయిదు సెకన్లు లోపలికి, అయిదు బయటికి,
కళ్లు మూసుకోవాలని కాగితంలో ఉంది.
మూసుకుంటే నా మాట ఆమెకు అందదు.
అందుకే ఆమె మణికట్టు కింద నా అరచెయ్యి పెట్టి
మెల్లగా ఎత్తుతాను, మెల్లగా దించుతాను.
ఇది నియమావళిలో లేదు.
డాక్టర్ మెకాఫీకి ఇంకా చెప్పలేదు.

మేం కొలిచేది గుండె చప్పుడు కాదు,
ఒక చప్పుడుకీ ఇంకో చప్పుడుకీ నడుమ ఖాళీని,
సెకనులో వెయ్యో వంతుల్లో.
మొదటి వారం ఆమె ఖాళీలన్నీ ఒకే కొలత:
ఎనిమిది వందల నాలుగు, ఆరు, నాలుగు, అయిదు,
గుమాస్తా గీసిన పద్దు గీతల్లా.
చూసేవాళ్లకు ముచ్చట.
నాకు మాత్రం కొంచెం భయం.

ఎలా చెప్పాలా అని తడుముకుంటుంటే
తనే అంది:
"మగ్గాన్ని నేను అరికాళ్లతో వినేదాన్ని.
పొద్దస్తమానం ఒకే తీరున ఆడితే అది ఉత్త ఇనుము.
పోగు తెగబోయే ముందు ఓ చిన్న తడబాటు వచ్చేది చూడు,
అప్పుడు మాత్రం దానికి పేరు పెట్టి పిలవాలనిపించేది."
పిలిచావా అంటే చెప్పలేదు.

ఆరో వారం.
నా చెయ్యి లేస్తుంది, ఆమె ఊపిరి లేస్తుంది,
ఖాళీలు కురచవుతాయి.
చెయ్యి వాలుతుంది,
ఎనిమిది వందల యాభై, తొమ్మిది వందల పది,
తొమ్మిది వందల అరవై రెండు...
సాగి సాగి, మళ్లీ మొదటికి.

ఇది ధ్యానం పనా, ఉత్త ఊపిరితిత్తుల పనా
అన్నది డాక్టర్ మెకాఫీని నిద్రపోనివ్వని ప్రశ్న.
ముప్ఫై ఒక్కమందిలో పన్నెండు మందికి
ఏ తేడా రాలేదు.
పదమూడో మనిషిని నేనే, లెక్కలో లేనిదాన్ని:
రాత్రి డ్యూటీ దిగి, ఇంట్లో తివాచీ మీద కూర్చుని,
ఒక కన్ను మూసి, ఒక కన్ను చేతి గడియారం మీద వేసి
అంకె పెరిగిందా పెరిగిందా అని చూస్తాను.
ఇరవై మూడు. పద్దెనిమిది.
పరీక్ష హాల్లో కూర్చుని
ఎవరైనా ప్రశాంతంగా ఉంటారా?

ఎనిమిదో తరగతిలో అన్నపూర్ణయ్య మాస్టారు
ప్రతి అక్షరం నెత్తిన గుర్తు పెట్టించేవారు,
లఘువుకి నిలువు గీత, గురువుకి గిన్నె.
గణం తప్పితే చెవి మెలేసేవారు.
మధ్యాహ్నం, బ్రెడ్డు ముక్క నములుతూ,
ఆగ్నెస్ కాగితం మీద
ఊరికే ఆ గుర్తులు పెడుతూ పోయాను.
పీల్చినచోట గీతలు, వదిలినచోట గిన్నెలు.
ఉత్పలమాల అవుతుందేమో అనుకున్నా.
కాలేదు. ఆటవెలదీ కాలేదు.
ఒకచోట దగ్గింది, అక్కడ యతి పూర్తిగా చెడింది.
మాస్టారి కంట పడితే
ఈ వయసులో నా చెవి ఎర్రబడేది.

"ఇదేం రహస్య లిపి?" అన్నాడు కాలమ్, భుజం మీంచి వంగి.
"ఓ ముసలావిడ" అన్నాను.

పట్టీ విప్పుతుంటే ఆమె అడిగింది, నా పెదాలకేసి చూస్తూ:
"పాసయ్యానా?"
ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు.
కిటికీలో వంతెన మిగతా సగం బయటపడుతోంది,
దాని మీద రైలొకటి ఆగి ఉంది,
ఎందుకో తెలీదు.
నేను జవాబివ్వడం ఆలస్యం చేశాను.
ఆమె తొందరపెట్టలేదు.