కుదురు

పదకొండు నిమిషాలు ఆలస్యం.
కిర్క్‌స్టాల్ రోడ్డులో సైకిళ్లు బాగుచేసే కొట్టు,
దాని మీద ఆమె గది.
మెట్లెక్కుతూ మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను:
బస్సు, వాన, ఆఫీసు ఫోను.
తలుపు తెరుచుకునేసరికి మూడూ మర్చిపోయి
"బయల్దేరబోతూ పోపుడబ్బాలు
అక్షరక్రమంలో సర్దుతూ కూర్చున్నా" అనేశాను.

గ్వెన్ ఓల్డ్‌రాయిడ్ గడియారం వంక చూడలేదు.
"ఎందాకా వచ్చారు?" అంది.
ఆవాలు, ఇంగువ, ఉప్పు, కారం...
జీలకర్ర దగ్గర ఆగిపోయింది.

నేను వంతెనలు గీస్తాను.
ఈ లీడ్స్‌లోనే ఎయిర్ నది మీద
నడిచేవాళ్ల కోసం ఒకటుంది, సన్నటిది,
దాని నడుం వంపు నాది.
తిండీ నిద్రా లేకుండా రెండు రాత్రుల్లో
ఒక్క ఊపున తేల్చిన లెక్క.
అదే నెల కరెంటు బిల్లు కట్టలేదు.
డబ్బు లేక కాదు.
చీకటింట్లో, ఫోను వెలుతుర్లో
నాకు బహుమతి వచ్చిందన్న ఉత్తరం చదువుకున్నాను.

నాలుగక్షరం ముక్కలు వస్తే బతికిపోతావనేది మా మేనత్త.
ముప్పైతొమ్మిదో ఏట డాక్టరు
నాలుగక్షరాలు చేతిలో పెట్టాడు: ఏడీహెచ్‌డీ.
డిగ్రీల పక్కన తగిలించుకోనా అని జోకేసి
కిందికొచ్చి కార్లో కూర్చుని ఏడ్చాను.
పార్కింగు టైము దాటిపోయేదాకా.
ఆ ఏడుపుకి అరవై పౌండ్ల జరిమానా.

ఇవాళ గ్వెన్ అడిగింది:
"లోపల మిమ్మల్ని తిట్టే గొంతు
ఏ భాషలో తిడుతుంది?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.
తెలుగులో, అన్నాను.
నా వంతెనలు ఇంగ్లీషులో నిలబడతాయి,
నేను తెలుగులో కూలుతుంటాను.

"ఏమంటుంది?"

తెలివైనదే కానీ.

ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద
భ్రమరాంబ టీచరు ఎర్రసిరా:
తెలివైనదే కానీ కుదురు లేదు.
ఆ 'కానీ' ముల్లులా దిగి లోపలే విరిగింది.
ఎవరు మెచ్చుకున్నా
వాక్యం చివర దానికోసం చెవి రిక్కిస్తాను.
రాకపోతే నేనే తెచ్చి తగిలిస్తాను.

"కుదురంటే?"
నిలకడ, అన్నాను. స్థిమితం. ఒకచోట ఉండగలగడం.
ఇంగ్లీషులోకి ఒంపుతుంటే పలచబడిపోయింది మాట.
ఇంకో అర్థం కూడా ఉంది, అంటూ
గాల్లో చేతుల్తో ఒక చుట్ట చూపించాను:
ఎండుగడ్డి పేని చేస్తారు,
అడుగు గుండ్రంగా ఉన్న కుండ కింద పెడతారు,
అది లేకపోతే కుండ దొర్లి...

నా మాట నాకే వినపడింది.

కింద కొట్లో ఎవరో చక్రం తిప్పి వదిలారు.
చాలాసేపు తిరిగింది.
గ్వెన్ ఏమీ అనలేదు.
ఎప్పుడు మాట్లాడకూడదో తెలిసినందుకే
ఆమెకి గంటకి డెబ్భై పౌండ్లు.

దొర్లిందని కుండని ఎవరైనా తిడతారా?
గుండ్రటి అడుగు మంటని అంతటా పంచుకుంటుంది,
బరువుని ఏ మూలా ఒంటరిగా మోయనివ్వదు.
ఇది నా వృత్తి. నాకు తెలిసుండాల్సింది.
ముప్పై ఏళ్లు నన్ను నేను
బల్లపరుపుగా కొట్టుకుంటూ కూర్చున్నాను,
పగుళ్లొస్తే అదీ నా తప్పే అనుకుంటూ.

ఇదంతా బాగానే ఉంది కానీ
అదిగో, మళ్లీ.

గ్వెన్ నవ్వింది. నేనూ.

నా కింద పెట్టాల్సిన చుట్ట ఏమిటో ఇంకా తెలీదు.
పొద్దున వేసుకునే మాత్రా,
మోగగానే నొక్కేసే అలారమా,
నా పక్కన ఊరికే కూర్చుని తన పని తను చేసుకునే
ఆఫీసులో ఫిలిప్పానా.
గడ్డి ఒక్క పోచతో చుట్ట కాదు కదా.

వీధిలోకొచ్చాక వాన.
గొడుగు పైనే ఉండిపోయింది.
మామూలుగా అయితే తడుస్తూ వెళ్లిపోయేదాన్ని,
శిక్ష అన్నట్టు.

మళ్లీ మెట్లెక్కాను, తలుపు తట్టాను.
"గొడుగు మర్చిపోయాను" అన్నాను.

ఇంకా ఏదో నాలుక చివరి దాకా వచ్చింది.
వాక్యం అక్కడే ఆపాను.