ఐదు యూరోల లోపల

పోర్తోలో పెద్దాసుపత్రి కింద, నేలమాళిగలో మా లాండ్రీ.
పైన ఎవరు పుట్టారో ఎవరు పోయారో
దుప్పట్లే మాకు చెబుతాయి.

డిసెంబర్ మొదటి సోమవారం
ఫ్లోర్‌బేలా సబ్బుపొడి డబ్బాలో చీట్లు వేసి తెచ్చింది.
"ఐదు యూరోలు దాటొద్దు.
ఎవరికి ఎవరో నోరు జారొద్దు."
ఏడాది పొడుగునా మమ్మల్ని ఉతికి ఆరేసే మనిషి
ఆ ఒక్కరోజు పేరంటానికి పిలవొచ్చినట్టు నవ్వుతుంది.

నా చీటీలో అడెరీతో.

పదకొండేళ్లుగా ఒకే బల్లకి అటు ఆయన, ఇటు నేను.
దుప్పటికి చెరో కొస పట్టుకుని
విదిలించి, దగ్గరికొచ్చి, మడిచి, మళ్లీ దూరం జరిగి,
రోజుకి నాలుగు వందల సార్లు
ఆయన వేళ్లు నా వేళ్లకి తగులుతాయి.
ఆయన తాగేది టీయో కాఫీయో నాకు తెలీదు.

సాయంత్రం వానలో కొట్లెంట తిరిగాను.

వైన్ చవకే.
కానీ మూడేళ్లుగా క్రిస్మస్ విందులో
గ్లాసు బోర్లించి కూర్చుంటున్నాడు.
ఎందుకని ఎవరమూ అడగలేదు.
చాక్లెట్లా? భోజనానికి ముందు
గోడవైపు తిరిగి వేలు గుచ్చుకోవడం చూశాను.
"ప్రపంచంలోకెల్లా గొప్ప తాతయ్య" అని రాసున్న మగ్గు
పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
ఆయనకి అసలు పిల్లలున్నారా?

కేలండర్ బాగుంది.
నెలకో పడవ, వెనక అదే నది.
గల్లా దాకా వెళ్లాక గుర్తొచ్చింది:
జనవరి ఆఖరుకి లాండ్రీని కంపెనీ వాళ్లకి అప్పగిస్తున్నారు.
అరవై దాటినవాళ్ల పేర్లు కొత్త జాబితాలో లేవు.
మిగతా పదకొండు పడవలూ
ఆయన ఎక్కడ కూర్చుని చూడాలి?

చేతుల క్రీము, బాదం వాసనది.
బ్లీచు తినేసిన వేళ్లు ఆయనవి, కణుపు కణుపుకీ ఎర్రటి పగులు.
కానీ అది ఇస్తే
నీ చేతులు చూశాను అని చెప్పినట్టే.
కొన్ని సాయాలు మనిషిని
నలుగురిలో చొక్కా విప్పి నిలబెడతాయి.
మూత తీసి ఒకసారి వాసన చూసి
గూట్లో పెట్టేశాను.

గురువారం మూడో నంబరు మెషిన్లో పిల్లోకవర్ ఇరుక్కుంది.
అడెరీతో మోకాళ్ల మీద కూలబడి, తల లోపల పెట్టి,
మెషిన్నీ దాన్ని కన్నవాళ్లనీ తిడుతున్నాడు.
నాకు ఆయన బూటు అడుగు కనబడింది.
ఎడమ మడమ సగానికి పైగా అరిగింది.
మధ్యలో, తడి నూలుపోగుల కింద, అంకె:
నలభై మూడు.

బూట్లలో వేసుకునే ఉన్ని అట్టలు, జత,
నాలుగు యూరోల తొంభై.

ఇస్త్రీబల్ల మీదే కేకు కోశాం.
జుస్తీనో రేడియో పెట్టాడు, ఫ్లోర్‌బేలా కట్టేసింది.
అడెరీతో కాగితం చింపకుండా విప్పి,
మాసిన బట్టల బుట్ట మీద కూర్చుని
అప్పటికప్పుడే బూట్లు విప్పాడు.
అట్టలు వేసుకుని లేచి
పండక్కి చెప్పులు కొన్న పిల్లాడిలా
నాలుగడుగులు వేసి చూసుకున్నాడు.
"నా సైజు ఎవరికి తెలుసు?"
నేను నోటినిండా కేకు కుక్కుకుని
గోడమీద నిప్పుల సూచనలన్నీ చదివాను.

తర్వాత నా పొట్లం విప్పాను.
బాదం క్రీము.
ధర కాగితం గీకడం మర్చిపోయారు, అదే కొట్టు.
నేను గూట్లో పెట్టిందే అయ్యుండొచ్చు కూడా.
అప్పుడు చూసుకున్నాను నా చేతులు.
పదకొండేళ్లు ఆయనవే పగిలాయనుకున్నాను.

సోమవారం.
దుప్పటి విదిలించాం, దగ్గరికొచ్చాం.
కొస నా వేళ్లలోంచి జారింది.
"బాదం" అన్నాడు, దుప్పటికేసి చూస్తూ.
"నలభై మూడు" అన్నాను.

ఫ్లోర్‌బేలా అవతలి గదిలోంచి అరిచింది,
నాలుగో వార్డుకి ఇంకా దుప్పట్లు వెళ్లలేదని.