అందాజ

రెండో పీరియడ్ల కరెంటు వోయింది.
ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటి లెక్కకొచ్చినయి.
అచ్చంపేట సర్కారు కాలేజీ, బైపీసీ సెకండియర్,
హాజరు పట్టీల నలభై ఒక్కరు,
బెంచీల మీద పందొమ్మిది మంది.

బోర్డు మీద మూడు గీతలు కొట్టిన:
జీవి పేరు, అందాజ సంఖ్య, స్థితి.
సంచి జంతువుల పాఠం.
కంగారూలు కోట్లల్ల, వాటికి భయం లేదు.
చెదలు తిని బతికే నంబాట్
వెయ్యికి అటో ఇటో, ఆపదల ఉంది.
చెవులపిల్లి చెవుల బిల్బీ పదివేల లోపు, దుర్బలం.
ముక్కు మీద వెంట్రుకల వాంబాట్
నాలుగు వందల చిల్లర, తీవ్ర ఆపద.
టాస్మేనియా పులి కాడ సున్న రాయబోయి ఆగిన.
సున్న గూడ ఒక అంకెనే గద.
అడ్డగీత గీసి ఊకున్న.

"మేడమ్, అందాజ అంటే ఎవ్వలు జూసిన్రు?"
కిటికీ పక్క బెంచీ, ఉడతనూరి లింగేశ్వరి.
హాస్టల్ పిల్ల. మన్ననూరు చెక్‌పోస్టు దాటి
బస్సు దిగినంక గూడ
ఇంకో పూట నడిచే పెంట ఆమెది.

నాకు మా నాయిన యాదికొచ్చిండు.
చింతచెట్టు కింద నిలవడి
తువ్వాల ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకొని
తల ఎత్తి ఒక్కసారి చుట్టు దిరిగి
"రెండున్నర క్వింటాలు" అనేటోడు.
దులిపి కాంటా పెడితే
ఐదు కిలోలు అటు, ఐదు కిలోలు ఇటు.
ఒక్క ఏడు మాత్రం తప్పిండు.
కాత మంచిగనే జూసిండు, కాయల పురుగును జూడలే.
ఆ ఏడు మా అమ్మ కడియాలు
కల్వకుర్తి సేటు బీరువాల పండుకున్నయి.

ఇదంతా పిల్లలకు చెప్పలే.
వాంబాట్ బొరియ ముందల జిగురు టేపు కడ్తరని చెప్పిన.
పోంగ రాంగ నాలుగు వెంట్రుకలు అంటుకుంటయి,
ఆ వెంట్రుకలతోటే ఏది ఏదో గుర్తువడ్తరు,
జంతువు మొఖం జూడకుండనే లెక్క.
దాని సంచి మూతి వెనకకుంటది,
తల్లి మన్ను తవ్వుతుంటే
పిల్ల కండ్లల్ల వడకుండ.
క్లాసు నవ్వింది. లింగేశ్వరి నవ్వలే.

"మా నాయిన గూడ అంతే మేడమ్.
లెక్కల దినాలల్ల ఫారెస్టోళ్లు తోల్కపోతరు.
చెట్టు బెరడుకు అంటిన బొచ్చు జూసి
ఎలుగు ఇటు పోయి ఎన్ని దినాలైందో చెప్తడు.
అలుగును మాత్రం చెప్పడు.
తాజాగ తవ్విన పుట్ట కండ్లవడ్డా
పాదంతోటి మన్ను సదిరి
'ఏం లేదు సార్' అంటడు.
రాసిన కాయిదం యాడికి వోతదో
మా నాయినకు దెల్వదు, అలుగుకు దెల్వదు."

ఆగింది. మల్ల తనే అన్నది:
"మొన్న మా పెంటకొచ్చి గూడ రాసుకపోయిన్రు.
నలభై ఆరు మంది అని రాసిన్రు.
మా తాత ఆ దినం తేనెకు వోయిండు.
మా తెగ పేరు పక్కన ఒక మాట వెట్టిన్రు మేడమ్.
ఆ మాట మీ బోర్డు మీద ఉంది,
చెవులపిల్లి చెవుల దాని కాడ."

నేను వెనుకకు తిరిగి జూసిన.
సుద్దముక్క వేళ్లల్ల ఇరిగింది.
తుడుద్దామంటే పరీక్షల వచ్చే మాట.
తుడవకుంటే
ఆ పిల్ల గంట కొట్టేదాక దాని ఎదురుంగ కూసోవాలె.
బెల్లు నేను కొట్టేది కాదు.

వారం తర్వాత స్టాఫ్ రూముకు రికార్డు తెచ్చింది.
మీ ప్రాంతపు జీవులు ఐదు రాయమంటే నాలుగు రాసింది.
ఐదో గీత కాడ పేరు లేదు, అంకె లేదు,
మన్ను రంగు పెన్సిలుతోటి సదిరినట్టు ఒక మరక.
మార్కులు పూరాగ ఏసిన.

"మా తాత వచ్చిండు మేడమ్."
"అయితే నలభై ఏడా?"
చున్నీ కొస వేలికి చుట్టుకుంట నవ్వింది.
"మా వదినకు ఎనిమిదో నెల.
అందాజ రాసుకోండ్రి."