నలభై ఒకటో గాజుపలక

సెగెద్ ఊళ్ళో ఇది
తిసా నది మీది పొగమంచు
ల్యాబు కిటికీ దాకా వచ్చి ఆగిపోయే నెల.
మైనపు దిమ్మలోంచి నాలుగు మైక్రాన్ల పొర కోసి
గోరువెచ్చని నీళ్ళ మీద పరుస్తాను.
ముడత పడితే మళ్ళీ మొదలు.

నలభై ఒకటి.
మగ, అరవై ఏడు, ఎడమ చెవి.
నాకు తెలిసింది అంతే.

చర్మమే. మోచేతి మీద ఉండేలాంటిదే.
పెరగడం, పొలుసు రాల్చడం, దానికి వచ్చిన పని రెండే.
తప్పు చేసిందనలేను, చోటు తప్పింది.
కర్ణభేరి వెనక ఊడ్చేవాళ్ళు లేని గదిలో
రాలిందంతా పేరుకుని, ముత్యంలా తెల్లబడి,
సుత్తి ఎముకని తినేసి
దాగలిని సగం కొరికింది.
చెవిలో ఇల్లు కట్టుకుని పోరడమంటారే,
ఇది ఇల్లు కట్టింది గానీ
పోరలేదు.

రాత్రంతా చలిపెట్టెలో నానబెట్టి
పొద్దున రంగు పోస్తే
కణాల అంచులన్నీ గోధుమరంగు.
మామూలుగా అడుగు వరసలో ఆగే రంగు
ఇక్కడ పైవరసల దాకా ఎగబాకింది.
గ్రాహకాలు.
“ఎదుగు” అనే కబురు కోసం
కణం తన గోడ బయట పెట్టుకున్న చెవులు.
ఇన్నేసి!
ఒక్క మాటా పెడచెవిన పెట్టలేదు,
మనిషి చెవి పోయేదాకా.

గురువారం ఇబోయా భోజనానికెళ్ళినప్పుడు
టోపీ చేత్తో పట్టుకుని ఒకాయన వచ్చాడు.
వెందెల్. పంటు నడిపేవాడట.
“నాలోంచి తీసిందాన్ని ఒకసారి చూడొచ్చా?”
కుదరదనాలి.
“ఆరేళ్ళు కారింది. ఏటి నీళ్ళనుకున్నా.
వాసనకి మా ఆవిడ తలగడ
మంచం అటు చివరకి జరిపేసింది.”
కుర్చీ లాగాను.

చాలాసేపు చూశాడు, రెండో కన్ను మూయడం రాక చేత్తో కప్పుకుని.
“దున్నిన పొలంలా ఉంది. ఈ గోధుమరంగు?”
“చెవులు.”
కుడి పక్కకి తిరిగి, “ఏంటీ?”
గట్టిగా చెప్పాను.
నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.
“వాటికి ఎదగమని చెప్పేదెవరు?”
“చుట్టుపక్కల కణాలే.
గాయమైతే, మాన్పడానికి పంపే కబురే అది.”
“మానిందని చెప్పేవాళ్ళు లేరా?”

అది నా పలక మీద లేదు.
వందకి డెబ్బై మూడు అని రాసుకున్నాను.

కింద ట్రామ్ గంట కొట్టింది.
ఎటునుంచో తెలియక
ఆయన అటూ ఇటూ చూసి, మళ్ళీ అటు చూసి
దాటాడు.