కోరం

చేయి ఎత్తలేదు నేను.
సెక్రటరీగా ఎవరుంటారు అనగానే
అందరూ కిటికీలోంచి బయటికి చూశారు,
నేనొక్కదాన్నే పొరపాటున సార్ మొహంలోకి చూశాను.
అట్లా వచ్చింది నాకీ పదవి,
ఎర్రట్ట మినిట్స్ పుస్తకం,
దాని మూడో పేజీ మీద ఎవరిదో టీ గ్లాసు ముద్ర.

అనంతపురంలో మా కాలేజీకి
ఐదు సంఘాలు, ఒక రూము, ఒక తాళంచెవి.
సోమవారం మాది: సివిల్ ఇంజినీర్ల సంఘం, విద్యార్థి శాఖ.
మంగళవారం నాటకాలోళ్లు. బుధవారం చదరంగం.
గురువారం నక్షత్రాలు చూసేవాళ్లు
మిట్టమధ్యాహ్నం వచ్చి
రాత్రి గురించి మాట్లాడి పోతారు.
శుక్రవారం ఎవరిదో ఎవరికీ తెలీదు.
అటెండరు లాలెప్పకు ఆ సంఘమంటేనే ఇష్టం,
కుర్చీలు సర్దే పనుండదు.

చదరంగంలో ఒక గుర్రం పోయింది.
దాని బదులు మా మట్టిసీసా మూత
రెండేళ్లుగా రెండున్నర గడులు దూకుతోంది.

"సభ్యత్వం కడితే ఏమొస్తాదక్కా?"
తిప్పేస్వామి అడిగాడు.
బ్యాడ్జీ వస్తుందన్నాను.
"ఇంగ?"
రెజ్యూమెలో ఒక లైను.
"లైనుకు మూడొందల యాభయ్యా!
ఆ దుడ్డుకు మా ఊర్లో అరుగుబండ మీద పేరు చెక్కుతారు."
అని, కట్టాడు. రెండు వాయిదాల్లో.

జూలై ఎనిమిది. హాజరు ఆరుగురు. కోరం లేదు. వాయిదా.
ఆగస్టు ఐదు. హాజరు తొమ్మిది,
అందులో ఇద్దరు ఫ్యాను కోసం వచ్చినవాళ్లు. వాయిదా.
పదకొండు మంది కావాలి.
పదకొండంటే ఎంత పెద్ద అంకో
క్రికెట్ ఆడేవాళ్లకు తెలీదు.

సెప్టెంబరులో ఒక సోమవారం
మబ్బు నల్లగా వచ్చింది.
ఈ ఊరి మీదుగా పోయే మబ్బే కదా అని
ఎవరం తల ఎత్తలేదు.
అది పోలేదు.

ముందు తడిసింది నాటకాలోళ్ల అట్టకిరీటం.
తర్వాత చదరంగం పెట్టె.
ఎవరు పిలిచారో, అన్ని సంఘాలూ ఉరికొచ్చాయి
బకెట్లతో, దుప్పట్లతో, ఒకడు టిఫిన్ డబ్బాతో.
టెలిస్కోపును పసిబిడ్డలా చున్నీలో చుట్టి
హొన్నూర్‌బీ మూలన నిలబడింది.
"బొక్క ఆ పక్క, వాటం ఈ పక్క" అన్నాడు లాలెప్ప.
"మిద్దె పోసిన నాడే జెప్పితి. నా మాట ఎవురింటారు?"

వాన సన్నబడ్డాక మిద్దెక్కాం.
మా లెవెల్‌కు ఒక కాలు విరిగి చాన్నాళ్లయింది,
నక్షత్రాలోళ్ల స్టాండు మీద బిగించాం.
కొలబద్ద పట్టుకున్నది చదరంగం కుర్రాడు, కదలకుండా,
అదొక్కటీ వాడికి బాగా వచ్చు.
గొడుగు పట్టింది నిన్నటి దుర్యోధనుడు.
తిప్పేస్వామి అంకెలు అరుస్తున్నాడు,
నేను మినిట్స్ పుస్తకం వెనక పేజీలో రాస్తున్నాను.
నడిమధ్యకు మూడంగుళాల పల్లం.
నాలుగేళ్ల సిలబస్‌లో
నా చేత్తో నేను కనుక్కున్న మొదటి సంగతి అది,
లాలెప్పకు ముందే తెలిసినది.

కిందికి దిగి తలలు లెక్కపెట్టాను. ఇరవై.
మావాళ్లు మాత్రం పదిమందే.
"నన్నేసుకోమ్మా" అన్నాడు లాలెప్ప, గోనెసంచి పిండుతూ.
"ఇరవై ఆరేండ్లుగా ప్రతి మీటింగులోనూ ఉండా,
తలుపు బయట."

నిబంధనలు నాకు తెలుసు.
ఢిల్లీ ఆఫీసు వాళ్లు అచ్చేసిన పచ్చ పుస్తకంలో
ఏడో పేజీ.
పెన్ను ఆయనకిచ్చాను.
గుండ్రంగా సంతకం చేశాడు.
బ్రాంచి అన్న గడి దగ్గర కాస్త ఆగి
'రూము' అని రాశాడు.

హాజరు పదకొండు.
తీర్మానం: నీళ్లు పోవాల్సిన పక్కకే పోయేట్టు చూడాలి.
ప్రతిపాదన: తిప్పేస్వామి. బలపరిచినవారు: లాలెప్ప.
వాన నిలిచినందున సమావేశం ముగిసింది.

వచ్చే ఏటి సెక్రటరీకి ఒక మాట.
పేజీలు అంటుకుపోయి ఉంటాయి, మెల్లగా విప్పు.
తాళంచెవి నా దగ్గర లేదు,
ఎప్పుడూ లేదు.